మకనాయ్: షట్టర్ దించాక వండుకునే అన్నం

(టోక్యోలో నిషి-కసాయ్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం కలుసుకున్నప్పుడు మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? మైక్ కొంచెం గరగరలాడుతోంది... ఆ, ఇప్పుడు బానే ఉంది.

నన్ను మాట్లాడమన్నప్పుడు వద్దులెండి అన్నాను, పోయినసారి మాట్లాడినాయన పద్యాలు చదివి మరీ చెప్పారు, నాకు అవేవీ రావు, పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు వెతుక్కునే మనిషిని. మీకు ఏది ఇష్టమైతే అదే చెప్పండి అన్నారు. నాకు ఇష్టమైంది తిండి. అందుకని ఒక నేపాలీ కుటుంబం గురించి, వాళ్ళ హోటల్ గురించి చెప్తాను. షిన్-ఓకుబోలో రెండో అంతస్తులో ఉంటుంది, పద్దెనిమిది మంది కూర్చుంటే నిండిపోతుంది. పేరు మాత్రం చెప్పను, చెప్తే ఈ హాల్లో సగం మంది వచ్చే శనివారం అక్కడ క్యూ కడతారు, నాకు సీటు దొరకదు. (నవ్వులు)

మనందరం స్టేషన్ పక్కన ఉండే ఇండియన్ రెస్టారెంట్లకి వెళ్ళినవాళ్ళమే కదా. బయట మన జెండా, లోపల లంచ్ సెట్, తియ్యగా బటర్ చికెన్, నాన్ అయితే ప్లేటు దాటి బయటికి వేలాడుతూ ఉంటుంది, పక్కన చిన్న గిన్నెలో క్యాబేజీ తురుము, దానిమీద నారింజ రంగు డ్రెస్సింగ్, అది ఏ ఊళ్ళో ఏ షాపుకి వెళ్ళినా ఒకే రుచి, ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వెయ్యి యెన్‌కి కాస్త అటూఇటూ. నాన్ ఎన్నిసార్లయినా ఒకావరి, అంటే మారు వడ్డన, ఫ్రీ. మరి వండేది ఎవరు? ఎక్కువ చోట్ల నేపాల్ వాళ్ళు. చాలాచోట్ల ఓనర్ కూడా నేపాల్ ఆయనే. జపాన్ మొత్తమ్మీద ఇలాంటివి వేలల్లో ఉన్నాయి, జపాన్ వాళ్ళు వీటికి ఇన్-నేపా అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

తమాషా ఏంటంటే నేపాల్ ఇళ్ళల్లో తందూర్ ఉండదు. మన ఇళ్ళల్లోనూ ఉండదు, అది వేరే సంగతి. మా దాయి, అంటే ఆ హోటలాయన, అన్నయ్యని వాళ్ళు దాయి అంటారు, ఆయన మొదటిసారి నాన్ తిన్నది ఢిల్లీలో, గిన్నెలు కడిగే పనికి వెళ్ళినప్పుడు. వాళ్ళది బాగ్లుంగ్ జిల్లా, గల్కోట్. కొండల్లో ఊరు. జపాన్‌లో ఉన్న నేపాలీ వంటవాళ్ళని ఎవర్ని కదిపినా బాగ్లుంగ్ అనో పక్క జిల్లా అనో అంటారు, మనకి ఫలానా ఊరివాళ్ళందరూ డాలస్‌లో ఉంటారని చెప్పుకుంటాం చూడండి, అలాగ. ఒకడు వచ్చి బావమరిదిని పిలుస్తాడు, వాడు తమ్ముణ్ణి పిలుస్తాడు. వంటవాడి వీసా రావాలంటే పదేళ్ళ అనుభవం చూపించాలి, అందుకని ఢిల్లీ, ముంబై హోటళ్ళలో అంట్లు కడగడం నుంచి మొదలుపెట్టి తందూర్ దాకా వచ్చినవాళ్ళు ఎక్కువ. మధ్యలో బ్రోకర్లు. దాయి తన బ్రోకర్‌కి ఎంత కట్టాడో నాకు చెప్పాడు గానీ అది ఇక్కడ చెప్పడం బాగోదు, ఆ అప్పు తీరడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టిందంట.

సరే, నేను ఆ ఇంటికి ఎలా తగులుకున్నానో చెప్తాను. 2012లో వచ్చాను నేను, మావారి ట్రాన్స్‌ఫర్‌తో పాటు. 2013లో మా పెద్దది కడుపులో ఉంది, నాలుగో నెల, ఏదీ సయించట్లేదు, చేప వాసన వస్తే చాలు ప్రాణం పోతోంది, మరి ఈ ఊళ్ళో చేప వాసన లేని వీధి ఎక్కడుంది చెప్పండి. ఒకరోజు ఉరయాసులో ఏదో పనుండి వెళ్ళి మధ్యాహ్నం మూడున్నరకి ఒక ఇండియన్ షాపు ముందునుంచి నడుస్తున్నాను. షట్టర్ సగం దించేసి ఉంది. లోపల్నుంచి పోపు వాసన. జీలకర్ర, ఎండుమిరప, ఇంకా ఏదో ఉంది అందులో, ఇంగువ లాంటిదే గానీ ఇంగువ కాదు. నేను సిగ్గూ ఎగ్గూ లేకుండా వంగి షట్టర్ కిందనుంచి తొంగి చూశాను. (నవ్వులు) నలుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, పెద్ద కంచాల్లో అన్నం కుప్పగా పోసుకుని, పప్పు పోసుకుని, చేత్తో కలుపుకుని తింటున్నారు.

నేను లోపలికి వెళ్ళి నాకొచ్చిన ముక్కల హిందీలో అది నాకు కావాలి అన్నాను. దాయి కంగారుపడి మెనూ తెచ్చి ఇచ్చాడు. ఇందులోది కాదు, మీరు తింటున్నది అన్నాను. ఇది అమ్మేది కాదండి, మకనాయ్ ఇది అన్నాడు. మకనాయ్ అంటే తెలుసు కదా, హోటల్ పనివాళ్ళు తమకోసం వండుకునేది. అప్పుడు దీదీ, ఆయన భార్య, లేచి నా పొట్టవైపు ఒకసారి చూసి, ఇంకేం మాట్లాడకుండా ఒక కంచం పెట్టింది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. డబ్బులు తీసుకోలేదు, ధర లేనిదానికి బిల్లు ఎలా కొట్టను అన్నాడాయన.

ఆ పప్పు పొట్టు మినప్పప్పు అండి. మనం మినప్పప్పుని ఇడ్లీకి నానబోస్తాం, గారెలు వేస్తాం, పోపులో వేస్తాం గానీ అన్నంలోకి పప్పుగా వండుకునేది తక్కువ కదా. వాళ్ళు దాన్ని ఇనప మూకుడులో నల్లగా చిక్కగా వచ్చేదాకా ఉడికించి, నేతిలో జింబు అని ఒక ఎండు ఆకు వేయించి పోపు పెడతారు. నేను ఇంగువ అనుకున్నది అదే. ఉల్లిజాతి మొక్క, ముస్తాంగ్ వైపు ఎత్తు కొండల్లో దొరుకుతుంది, ఎండబెట్టి దాచుకుంటారు. చూడ్డానికి చీపురు పుల్లల ముక్కల్లా ఉంటుంది, నేతిలో పడిందా, ఇంక ఆ వీధంతా తెలిసిపోతుంది.

ఆ తర్వాత వారానికి ఒకసారి మూడున్నరకి వెళ్ళేదాన్ని. రెండేళ్ళు, షట్టర్ కిందనుంచే. మా పెద్దది పుట్టాక దాన్ని వేసుకుని కూడా వెళ్ళేదాన్ని, దీదీకి అప్పటికి పిల్లల్లేరు. వాళ్ళింట్లో పద్ధతులు చూస్తుంటే నాకు తణుకులో మా మామ్మ గుర్తొచ్చేది. ఉప్పు చూడాలంటే గరిటె నోట్లో పెట్టుకోదు దీదీ, అరచేతిలో ఒక చుక్క పోసుకుని చూస్తుంది, ఎంగిలి పట్టింపు, వాళ్ళు జూఠో అంటారు. ఎవరైనా ఎదురైతే అడిగే మొదటి మాట భాత్ ఖానుభయో? అంటే అన్నం తిన్నారా అని. మనకీ అంతే కదా, భోంచేశారా అని అడిగాకే మిగతా కబుర్లు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ అన్నం, పప్పు బయట ఎందుకు అమ్మరు అని నేను దాయిని ఎన్నిసార్లు అడిగానో. ఎవరు తింటారు బహినీ అనేవాడు, బహినీ అంటే చెల్లెమ్మా అని. జపాన్ వాళ్ళు ఇండియన్ అంటే నాన్ అనుకుంటారు, నేపాల్ అంటే ఎవరెస్ట్ అనుకుంటారు, ఎవరెస్ట్‌ని తినలేరు కదా అనేవాడు. (నవ్వులు) ఆయన మాటలో నిజం లేకపోలేదు. టోక్యోలో ఇండియన్ కూర చరిత్ర చిన్నదేం కాదు, షింజుకులో నకమురాయా అనే బేకరీ వాళ్ళు మన స్వాతంత్ర్య యోధుడు రాస్ బిహారీ బోస్ పుణ్యమా అని 1927లోనే ఇండో కారీ మొదలుపెట్టారు, అదీ అన్నంతోనే. కానీ ఈ తరం కస్టమర్‌కి నాన్ లేకపోతే అది ఇండియన్ కాదు. అప్పు చేసి షాపు పెట్టినవాడు నడిచేదాన్నే నడిపిస్తాడు గానీ మా అమ్మ ఇలా వండేది అని బోర్డు పెట్టి ప్రయోగాలు చెయ్యడు. నేనైనా చెయ్యను.

మార్పు ఎక్కడ వచ్చిందంటే స్టూడెంట్లతో వచ్చింది. 2011లో భూకంపం, సునామీ, ఫుకుషిమా అయ్యాక చైనా నుంచి, కొరియా నుంచి వచ్చే పిల్లలు తగ్గిపోయారు, జపనీస్ నేర్పే స్కూళ్ళకి సీట్లు నిండాలి, అందుకని నేపాల్, వియత్నాం వైపు వెళ్ళారు. అలా వచ్చిన నేపాలీ పిల్లలు వారానికి 28 గంటలు పనిచెయ్యొచ్చు, కాన్బినీల్లో, అంటే రాత్రింబవళ్ళు తెరిచుండే కొట్లలో, బెంటో అనే డబ్బా భోజనాల ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు. ఇప్పుడు జపాన్‌లో నేపాలీలు 2024 లెక్కకే 2 లక్షలు దాటారు. ఆ పిల్లలకి నాన్ ఎందుకండీ? రాత్రంతా ఒనిగిరీలు, అంటే అన్నం ఉండలు, చుట్టి తెల్లారి వచ్చినవాడికి అన్నం కావాలి, అది కూడా కడుపునిండా, మారు అడిగితే మొహం చిట్లించకుండా వడ్డించేది కావాలి.

అదే చూసి షిన్-ఓకుబోలో ఒక్కొక్కటిగా దాల్ భాత్ షాపులు లేచాయి. కొరియా టౌన్ అని మనం అనుకునే చోటే, పెద్ద రోడ్డు దాటి సందులోకి వెళ్తే హలాల్ కొట్లు, నేపాలీ కిరాణాలు, డబ్బు పంపించే కౌంటర్లు. మనకి ఇక్కడినుంచి తోజాయి లైన్‌లో తకదనోబాబా దాకా వెళ్ళి యమనోతే మారితే ఒక్క స్టేషనే. దాయివాళ్ళు 2016లో ఉరయాసు షాపు ఒక చుట్టానికి అప్పగించి షిన్-ఓకుబోకి వచ్చారు. ఈసారి షట్టర్ పైకి ఎత్తే మకనాయ్ వడ్డించారు.

బోర్డు మీద థకాలీ సెట్ అని రాశారు. నేను దీదీని అడిగాను, మీరు థకాలీలా అని. కాదు అంది, మగర్‌లం, అది వేరే తెగ అంది. మరి? మరి మీ ఉడిపి హోటళ్ళన్నీ ఉడిపి వాళ్ళవేనా అంది. ఆవిడకి ఉడిపి సంగతి ఎలా తెలుసంటే దాయి ముంబైలో ఒకదాంట్లో ఏడాది పనిచేశాడు. (నవ్వులు) థకాలీలంటే ముస్తాంగ్‌లో కాళీ గండకీ లోయ, థాక్ ఖోలా అంటారు, అక్కడివాళ్ళు. టిబెట్ నుంచి ఉప్పు కిందికి, కింద నుంచి ధాన్యం పైకి వెళ్ళే దారి అది. ఆ దారిపొడుగునా థకాలీ ఆడవాళ్ళు భట్టీలు నడిపేవాళ్ళు, అంటే పూటకూళ్ళ ఇళ్ళే, తిని పడుకుని పొద్దున్నే వెళ్ళిపోవచ్చు. టిబెట్ చైనా చేతికి వెళ్ళాక ఆ ఉప్పు వ్యాపారం చితికిపోయింది, వాళ్ళు పోఖరా, ఖాట్మండూ దిగివచ్చి హోటళ్ళు పెట్టారు, శుభ్రంగా ఉంటాయని పేరొచ్చింది, ఆ పేరే ఇప్పుడు మిగతావాళ్ళందరి బోర్డుల మీదా ఉంది. మన పూటకూళ్ళమ్మకి ఊరూరా బ్రాంచీలు ఉన్నట్టు అనుకోండి.

ఇంకో ముక్క చెప్పాలి ఇక్కడ, నాకు చాలా ఇష్టమైన ముక్క. నేపాల్‌లో అడుగుపెట్టిన మొదటి జపాన్ మనిషి కవాగుచి ఎకై అనే బౌద్ధ భిక్షువని చెప్తారు. 1899లో వెళ్ళాడు, టిబెట్‌లోకి దొంగదారిన పోవాలని. ఆ దారి కోసం కాచుకుని ఎక్కడున్నాడు? ఈ ముస్తాంగ్‌లోనే, ఈ లోయలోనే మార్ఫా అనే ఊళ్ళో కూడా కొన్నాళ్ళున్నాడు, 1900లో దాటాడు. ఇటు 1902లో ఎనిమిది మంది నేపాలీ కుర్రాళ్ళు చదువుకోడానికి జపాన్ వచ్చారు. వెళ్ళేటప్పుడు ఇక్కడి కాకి పండు, అంటే పెర్సిమ్మన్, పట్టుకెళ్ళారని, నేపాల్‌లో హలువాబేద్ అనేది అదేనని అంటారు. దాయికి ఇవేవీ తెలీదు, నేను చదివి చెప్తే, ఎనిమిది మందేనా, మరి వాళ్ళకి అన్నం ఎవరు వండారు అన్నాడు. వంటవాడి బుర్ర అలాగే పనిచేస్తుంది.

ఆ కంచంలో ఏముంటుందంటే, కంచు పళ్ళెం మధ్యలో అన్నం బోర్లించి ఉంటుంది, చుట్టూ గిన్నెల్లో పప్పు, బంగాళాదుంప కాలీఫ్లవర్ తర్కారీ, ఆవాకు వేపుడు, వేపిన టమాటా పచ్చడి, ముల్లంగి పచ్చడి, కావాలంటే కోడికూరో మేకమాంసమో, పైన ఒక గరిటె నెయ్యి. టమాటా పచ్చడిలో టిమ్ముర్ ఉంటుంది, మిరియంలాగే కనపడుతుంది గానీ నాలిక తిమ్మిరెక్కిపోతుంది. జపాన్‌లో ఉనాగి చేప మీద చల్లుకునే సన్షో ఉంది చూడండి, దానికి దాయాది. ఒకసారి పక్క టేబుల్ ముసలాయన నోట్లో వేసుకుని, ఓ, సన్షో, అని మొహం వెలిగిపోయి ఇంకో గిన్నె అడిగాడు. అన్నం, పప్పు, కూర, ఆకుకూర ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. దాయి తమ్ముడు గరిటె పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు, థపౌఁ? థపౌఁ? మారు వడ్డించమంటారా అని. మనం చెయ్యి అడ్డం పెట్టినా ఒక గరిటె పడిపోవాల్సిందే, గోదావరి పెళ్ళి భోజనాలే.

గుంద్రుక్ గురించి చెప్పకపోతే దీదీ ఊరుకోదు. ముల్లంగి ఆకో, ఆవాకో వాడబెట్టి, నలిపి, జాడీలో గాలి లేకుండా గట్టిగా కుక్కేసి మూత బిగిస్తే వారం పదిరోజులకి పులుస్తుంది. చుక్క ఉప్పు వెయ్యరు. తర్వాత ఎండబెట్టి దాచుకుని చలికాలం పులుసు కాచుకుంటారు. మనకి గోంగూర పుట్టుకతోనే పులుపు, వీళ్ళది కష్టపడి సంపాదించుకున్న పులుపు. మొదట్లో ఊరినుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకునేవాళ్ళు. తర్వాత దీదీ ఒకరోజు కూరగాయల కొట్టులో చూసింది, దైకోన్, అంటే ఇక్కడి ముల్లంగి, ఆకులు కోసేసి అట్టపెట్టెలో పడేస్తున్నాడంట. అడిగితే ఊరికే ఇచ్చాడు. అప్పట్నుంచి ఆవిడ బాల్కనీలో గుంద్రుకే. పక్కింటామె వచ్చి వాసన వస్తోందని గొడవ పెట్టుకుంటే, దీదీ భయపడి ఒక గిన్నెడు పులుసు ఇచ్చిందంట. ఆ ముసలామెది నగానోలో కిసో వైపు. ఒక గుక్క తాగి, ఇది సుంకి కదా అందంట! కిసోలో వాళ్ళు కూడా టర్నిప్ ఆకుని ఉప్పు లేకుండానే పులియబెడతారు, కొండప్రాంతం, ఒకప్పుడు ఉప్పు కరువు. ఇప్పుడు ఆ మామ్మగారే ఆకులు తెచ్చి ఇస్తోంది.

ఢిడో అని ఇంకొకటి. మరిగే నీళ్ళలో పిండి వేస్తూ తెడ్డుతో కలుపుతూ ముద్ద చెయ్యడం. కోదో పిండితో చేస్తాం అంటే నేను అరికెలేమో అనుకున్నాను, ఇంగ్లీషులో అరికెల్ని కోదో అంటారు కదా, తీరా చూస్తే నేపాలీలో కోదో అంటే మన రాగులు. మా ఆఫీసులో చిత్తూరాయన్ని తీసుకెళ్తే, నమలకుండా ముద్ద ముంచి మింగుతున్నాడు, దీదీ నోరెళ్ళబెట్టి చూసింది, ఈయనకి ఎవరు నేర్పారు అని. సంకటి తినేవాడికి ఒకరు నేర్పాలా! ఫాపర్ పిండితో కూడా చేస్తారు, ఫాపర్ అంటే ఇక్కడ సోబా నూడుల్స్ చేసే బక్‌వీట్ గింజే. దాంతో షాపుకొచ్చే జపాన్ పెద్దవాళ్ళకి తేలికైంది, ఇది సోబాగాకి, అంటే సోబా పిండి ముద్ద, లాంటిదే కదా అని వాళ్ళే తినేశారు.

ఎవరు తింటారు బహినీ అని అడిగిన మనిషికి దొరికిన జవాబు ఇదీ. సన్షో తెలిసినాయన, సుంకి తెలిసినామె, సంకటి తెలిసినాయన, పప్పన్నం కోసం షట్టర్ కింద దూరిన నేను. నాన్ అడిగేవాళ్ళకి నేపాల్ తిండి అక్కర్లేదు గానీ, ఎక్కడో తమ ఇంట్లో ఇలాంటిది తిన్నవాళ్ళు మాత్రం ఒక్క ముద్దకే పట్టేశారు.

(సభలోంచి: లాభం వస్తోందా అండి మరి?)

మంచి ప్రశ్న. అంతంత మాత్రం. మారు వడ్డించే చోట స్టూడెంట్లు కూర్చుంటే లాభం ఏముంటుంది. ఈమధ్య బియ్యం ధర ఎలా పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. శుక్ర, శనివారాల రాత్రి మోమోలు, బీరు, వాటిమీదే బండి నడుస్తోంది. దానికి తోడు వీసా. ఇలాంటి షాపు ఓనర్లు ఉండేది వ్యాపారం నడిపేవాళ్ళ వీసా మీద, దానికి పెట్టుబడి 50 లక్షల యెన్ చూపిస్తే సరిపోయేది, 2025 అక్టోబర్ నుంచి దాన్ని 3 కోట్లు చేశారు. ఆరు రెట్లు. ఇప్పటికే ఉన్నవాళ్ళకి మూడేళ్ళు గడువు ఇచ్చారు. దొంగ కంపెనీలు పెట్టి వీసాలు తీసుకునేవాళ్ళని ఆపడానికంట, ఆపాల్సిందే, కానీ పద్దెనిమిది కుర్చీల హోటల్‌కి 3 కోట్లు ఎక్కణ్ణుంచి వస్తాయో అది మాత్రం ఎవరూ చెప్పట్లేదు. దాయి దాని గురించి మాట్లాడడు. దీదీ మాత్రం కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, నీకు జపనీస్ చదవడం వచ్చు కదా బహినీ అని నా ముందు పెడుతుంది, నేను చదివి చెప్పింది విని మళ్ళీ ఫైలు మూసేసి, సరే తిను అంటుంది.

మొన్న దసరాకి కూడా వెళ్ళాం. వాళ్ళకి దశైన్ ఏడాదికల్లా పెద్ద పండగ. లంచ్ అయ్యాక షట్టర్ దించి, బియ్యం పెరుగు కుంకుమ కలిపిన టీకా పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నుదుట పెడతారు, చెవిలో మొలకెత్తిన బార్లీ గడ్డి పెడతారు. నాకు కూడా పెట్టారు. మళ్ళీ నాలుగున్నరకల్లా అందరూ మొహాలు కడుక్కుని డిన్నర్‌కి రెడీ.

ఒకటి చెప్పి ఆపేస్తాను, అటు పులిహోర చల్లారిపోతోంది. వాళ్ళకి ఇప్పుడు ఒక బాబు, ఎనిమిదేళ్ళు, ఇక్కడే పుట్టాడు. మూడున్నరకి ఇంటిల్లిపాదీ అన్నానికి కూర్చుంటే వాడు మూతి ముడుచుకుంటాడు, నాకిది వద్దు, చీజ్ నాన్ కావాలి అని. ఉరయాసు షాపులో చుట్టాలు వాడికి అలవాటు చేశారు. దీదీ తిడుతూనే ఉంటుంది, దాయి ఏమీ అనకుండా కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్తాడు. ఈ షాపులో నాన్ అమ్మరు. కానీ వెనకాల గదిలో ఒక చిన్న తందూర్ ఉంది, గ్యాస్‌ది, కొడుకు కోసం కొన్నాడు. నేను చూసినప్పుడల్లా ఆ ఒక్క నాన్ మీద ఆయన ఎంత శ్రద్ధ పెడతాడో, పిండి చేతులతో సాగదీసి, చీజ్ దట్టించి, కాలాక నాలుగు ముక్కలు కోసి పట్టుకొస్తాడు. ఒకరోజు వాణ్ణి అడిగాను, ఒరేయ్, ఇది మీ వంట కాదు కదరా అని. వాడు జపనీస్‌లో అన్నాడు, ఎందుకు కాదు, మా నాన్న చేశాడు కదా అని.

థాంక్స్ అండి. పదండి, తిందాం.